లేబుల్ మీద పేరెవరిది? బీబాప్ తొలి రికార్డులు, మన మేళాలు

మా నాన్న నందిగామలో ఒక బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో జగ్గయ్యపేట, కంచికచర్ల, చందర్లపాడు, ఎక్కడ బేరం కుదిరితే అక్కడికి వెళ్లేవాళ్లు. ఊరేగింపు ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. కరెంటు తీగలు కిందికి వేలాడుతుంటాయి, లేదంటే పెళ్లికొడుకు స్నేహితుల చిందు తెమలదు. మేళం మాత్రం ఆగకూడదు. సినిమా పాట రెండుసార్లు తిరిగొచ్చాక నాన్న ఆ పాట లోపలికి దిగి సొంతంగా ఏదో అల్లడం మొదలుపెట్టేవాడు. వింటే తెలిసిన పాటలాగే ఉండేది, పట్టుకుందామంటే దొరికేది కాదు. సైడ్ డ్రమ్ము వాయించే మామయ్య నవ్వుకుంటూ వెంటపడేవాడు. ఆ ఐదు నిమిషాలకు విడిగా కూలి లేదు. కొన్నాళ్లకు పెళ్లి వీడియో వచ్చేది. సరిగ్గా ఆ చోట స్టూడియోవాళ్లు మేళం శబ్దం తీసేసి సినిమా పాట అతికించేవాళ్లు. నాన్న వేళ్లు కదులుతూ కనిపిస్తాయి, వినిపించేది మాత్రం ఇంకెవరో.

పరిశోధనలో భాగంగా ఛార్లీ పార్కర్ 'కోకో' మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ వీడియోనే గుర్తొచ్చింది. 1945 నవంబర్ 26న న్యూయార్క్‌లో రికార్డు చేసిన ముక్క అది. మూడు నిమిషాలు కూడా ఉండదు. తెలిసిన పాట ఒకదాన్ని లోపల దాచుకుని, పైకి అది ఎక్కడా కనపడకుండా ఒక నల్లజాతి యువకుడు సాక్సఫోన్ మీద అల్లిన అల్లిక. ఇక్కడ తేడా ఒక్కటే. దాన్ని ఎవరూ చెరిపేయలేదు. 80 ఏళ్లు దాటినా ప్రపంచమంతా దాన్ని వింటూనే ఉంది. అయితే ఆ రికార్డు ఎవరి సొత్తు అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి హార్లెం, మన మెట్ట ఊళ్లు మళ్లీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

అర్ధరాత్రి తర్వాతి సంగీతం

1930ల చివర అమెరికాలో జాజ్ అంటే ప్రధానంగా డాన్సు సంగీతం. దాన్ని స్వింగ్ అనేవాళ్లు. పదిహేను మంది దాకా ఉండే బ్యాండ్లు, కాగితం మీద రాసిపెట్టుకున్న బాణీలు, మధ్యలో ఎవరికో కాసేపు సొంతంగా వాయించుకునే వెసులుబాటు. నల్లజాతివాళ్లు కనిపెట్టిన సంగీతమది. 'స్వింగ్ రాజు' అన్న బిరుదు మాత్రం బెన్నీ గుడ్‌మన్ అనే తెల్ల బ్యాండ్ లీడర్‌కి దక్కింది. గుడ్‌మన్ మంచి కళాకారుడే, నల్లజాతివాళ్లను తన బ్యాండులోకి తీసుకున్నవాడే. సమస్య ఆయన మంచితనానిది కాదు, మార్కెట్‌ది.

ఇలాంటి బ్యాండ్లలో కూలికి వాయించి, పని ముగిశాక కొందరు కుర్రాళ్లు హార్లెంలో 118వ వీధిలో ఉన్న మింటన్స్ ప్లేహౌస్‌కి చేరేవాళ్లు. 1938లో దాన్ని తెరిచిన హెన్రీ మింటన్ స్వయంగా సాక్సఫోన్ వాద్యకారుడు, న్యూయార్క్ సంగీతకారుల యూనియన్‌లో తొలి నల్లజాతి ప్రతినిధి. కూలి లేకుండా కలిసి వాయిస్తే యూనియన్ జరిమానా వేసేది. మింటన్ ఉన్నాడు కాబట్టి అక్కడ ఆ బెడద లేదు. డ్రమ్ముల దగ్గర కెన్నీ క్లార్క్, పియానో దగ్గర థెలోనియస్ మంక్ ఉండేవాళ్లు. ట్రంపెట్‌తో డిజ్జీ గిలెస్పీ, సాక్సఫోన్‌తో ఛార్లీ పార్కర్, గిటార్‌తో ఛార్లీ క్రిస్టియన్ వచ్చిపోయేవాళ్లు.

వాళ్లు చేసిన మార్పేమిటో డప్పు తెలిసినవాళ్లకు తొందరగా అర్థమవుతుంది. అప్పటిదాకా జాజ్ డ్రమ్మర్ కాలితో పెద్ద డ్రమ్మును ఒకే తీరుగా కొడుతూ డాన్సు చేసేవాళ్లకు అడుగు అందించేవాడు. కెన్నీ క్లార్క్ ఆ నడకను చేతికింద ఉండే కంచు తాళం మీదికి మార్చేశాడు. కాలికి పని తగ్గింది. ఖాళీ దొరికిన ఆ కాలితో ఎవరూ ఊహించని చోట ఒక్క దెబ్బ వేసేవాడు. యుద్ధకాలం కాబట్టి దాన్ని 'బాంబు వేయడం' అన్నారు. కుడిచేతి సిర్ర దరువును మోస్తుండగా ఎడమచేతి సిటికెనపుల్ల మధ్యమధ్యలో తన మాట తాను చెప్పుకోవడం పెనుగంచిప్రోలు తిరునాళ్లలో విన్నవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

రెండో మార్పు పాట పునాదికి సంబంధించింది. కీబోర్డు వాయించేవాళ్లు 'కార్డ్స్' అంటారు కదా, ఒకేసారి మోగే స్వరాల గుంపులు. ప్రతి పాట కిందా వాటి వరస ఒకటి ఉంటుంది. బీబాప్ కళాకారులు జనానికి తెలిసిన పాట నుంచి ఆ వరసను మాత్రమే ఉంచుకుని, పైనున్న రాగాన్ని పూర్తిగా తీసేసి కొత్తది కట్టేవాళ్లు. మన ఉద్యమ పాటలో జరిగేది దీనికి తిరగేసిన పని. మనం జానపద బాణీని అలాగే ఉంచి మాటలు మారుస్తాం. వాళ్లు పునాదిని ఉంచి బాణీనే మార్చేశారు. 'విస్పరింగ్' అనే పాత పాట కింద పునాది తీసుకుని గిలెస్పీ 'గ్రూవిన్ హై' చేశాడు. 'చెరొకీ' అనే పాట పునాది మీద లేచిందే 'కోకో'.

దీనికి వేగం తోడైంది. డాన్సు చేయడం కుదరనంత వేగం. అది కావాలని చేసిందే. మేము మీ పానీయాల మధ్య నవ్వుతూ నిలబడే వినోదగాళ్లం కాదు, కూర్చుని వినండి అని చెప్పడం. బీబాప్ గురించి రాసేవాళ్లు దాని సాంకేతిక కష్టాన్ని ఎక్కువగా పొగుడుతారు. నాకు ముఖ్యమనిపించేది ఈ నిరాకరణ.

రికార్డు కాని పుట్టుక

1941లో జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి డిస్కుల మీద శబ్దాన్ని చెక్కే యంత్రం ఒకటి మోసుకుని మింటన్స్‌కి వచ్చేవాడు. అతను చదివేది కొలంబియా విశ్వవిద్యాలయంలో. 1913 నుంచి 1916 దాకా డాక్టర్ అంబేడ్కర్ చదివిన చోటే అది. 116వ వీధి దగ్గర ఎత్తు మీద ఉంటుంది, దిగి నడిస్తే హార్లెం. న్యూమన్ ఆ యంత్రం మోయకపోతే ఛార్లీ క్రిస్టియన్ అర్ధరాత్రుళ్లు ఎలా వాయించాడో మనకు తెలిసేది కాదు. క్రిస్టియన్ 1942 మార్చిలో క్షయతో చనిపోయాడు. వయసు 25.

అదే ఏడాది ఆగస్టు 1న సంగీతకారుల జాతీయ యూనియన్ సమ్మె ప్రకటించింది. రేడియో, నాణెం వేస్తే పాడే జ్యూక్‌బాక్స్ వచ్చి తమ పొట్ట కొడుతున్నాయని, రికార్డుల అమ్మకంలో కొంత వాటా తమ నిధికి ఇవ్వాలని యూనియన్ నాయకుడు జేమ్స్ పెట్రిల్లో పట్టుబట్టాడు. ఒప్పుకునేదాకా యూనియన్ సభ్యులెవరూ రికార్డింగ్ స్టూడియోలో వాయించకూడదు. డెక్కా కంపెనీ 1943లో దిగివచ్చింది. కొలంబియా, ఆర్‌సీఏ విక్టర్ 1944 నవంబర్ దాకా మొండికేశాయి. డిమాండ్ న్యాయమైనదే, చివరికి గెలిచింది కూడా. కానీ సరిగ్గా ఆ రెండేళ్లలోనే బీబాప్ రూపుదిద్దుకుంది. 1943లో పార్కర్, గిలెస్పీ ఇద్దరూ ఎర్ల్ హైన్స్ బ్యాండులో పక్కపక్కన వాయించారు. దాని రికార్డు ఒక్కటీ లేదు.

ఇంకో అడ్డంకి కూడా ఉంది. మన చరిత్రకారులు పట్టించుకోవాల్సిన సంగతి ఇది. అప్పటి 78 రికార్డు పెట్టుకుంటే పగిలిపోయే నల్లటి పళ్లెం. దాన్ని గట్టిగా పట్టి ఉంచేది లక్క. ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే పోయేది. మోదుగ, కుసుమ చెట్ల మీద లక్కపురుగులను పెంచి గీకి తెచ్చేవాళ్లలో ఛోటానాగపూర్ ఆదివాసులు ముఖ్యులు. అక్కడి నుంచి కలకత్తా రేవు, అక్కడి నుంచి అమెరికా. యుద్ధంతో ఆ దారి కష్టమయ్యేసరికి 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కలో 70 శాతం కోత పెట్టింది. పాత రికార్డులను పోగుచేసి కరిగించి కొత్తవి చేశారు. హార్లెం కుర్రాడి ఊపిరి, రాంచీ అడవిలో ఆదివాసీ మహిళ చెమట ఒకే పళ్లెం మీద కలిశాయన్నమాట. ఇద్దరి పేర్లకూ ఆ పరిశ్రమలో విలువ లేదు.

1944 ఫిబ్రవరి 16న కోల్‌మన్ హాకిన్స్ అనే పెద్ద కళాకారుడు గిలెస్పీనీ, మాక్స్ రోచ్‌నీ పిలిచి అపోలో అనే చిన్న కంపెనీకి 'వుడీ ఎన్ యూ' రికార్డు చేశాడు. తొలి బీబాప్ రికార్డు అదేనని చాలామంది అంటారు. 1945 ఫిబ్రవరిలో, మే నెలలో గిల్డ్ అనే మరో చిన్న కంపెనీకి గిలెస్పీ, పార్కర్ కలిసి 'గ్రూవిన్ హై', 'సాల్ట్ పీనట్స్', 'హాట్ హౌస్' లాంటివి చేశారు. పెద్ద కంపెనీలు పట్టించుకోని సంగీతాన్ని ఈ చిన్నవాళ్లు తీసుకోవడానికి ఆదర్శమే కారణం కాదు. తక్కువ ఖర్చులో అయిపోతుంది, అంతే.

ఆ నవంబర్ రోజు

'కోకో' కథ ఇక్కడే విప్పి చూడాలి. సవాయ్ అనే కంపెనీ కోసం పార్కర్ తన పేరుతో చేసిన తొలి రికార్డింగ్ అది. మాక్స్ రోచ్ డ్రమ్ములు, కర్లీ రస్సెల్ బేస్, 19 ఏళ్ల మైల్స్ డేవిస్ ట్రంపెట్. పియానో మనిషి విషయంలో ఆరోజు గందరగోళం. గిలెస్పీ కొన్నిటికి పియానో దగ్గర కూర్చున్నాడు. 'కోకో' మొదట్లో ఉండే ట్రంపెట్ ముక్క కుర్ర మైల్స్‌కి మింగుడు పడక తప్పుకుంటే దాన్ని కూడా గిలెస్పీయే వాయించాడు.

మొదటి టేకు ఇప్పటికీ దొరుకుతుంది. ఆరంభపు ముక్క అయిపోగానే వాళ్లు 'చెరొకీ' పాట రాగాన్ని అందుకుంటారు. కొద్ది క్షణాల్లోనే ఆపించేస్తారు. ఆ రాగం రికార్డులో వినపడితే దాన్ని రాసిన రే నోబుల్‌కి, ఆయన ప్రచురణకర్తకి రాయల్టీ కట్టాలి. పునాదికి మాత్రం కట్టక్కర్లేదు. కార్డుల వరసను ఎవరి సొత్తుగానూ లెక్కించేవాళ్లు కాదు. రెండోసారి రాగం మొత్తం తీసేసి, ఆరంభం కాగానే పార్కర్ నేరుగా తన అల్లికలోకి దూకాడు. కంపెనీ పిసినారితనం ఒక కళాఖండాన్ని పుట్టించిందని కొందరు చమత్కరిస్తారు. నాకది నవ్వొచ్చే విషయంగా అనిపించదు.

ఎందుకంటే ఆ చట్టం రెండువైపులా కోసేది. కాగితం మీద రాసి నమోదు చేసిన రాగం ఆస్తి. అప్పటికప్పుడు పుట్టి ఊపిరితోనే ముగిసిపోయే అల్లిక ఆస్తి కాదు. అమెరికా ఫెడరల్ కాపీరైట్ శబ్దగ్రహణాలను రక్షించడం మొదలైందే 1972 ఫిబ్రవరిలో. అంటే జాజ్‌లో అసలు సృజన ఎక్కడ ఉందో అక్కడ చట్టానికి ఏమీ కనపడలేదు. చదువు, కాగితం, వకీలు ఎవరి దగ్గర ఉంటే హక్కు వాళ్లది. పొలం దున్నేవాడొకడు, పట్టా ఇంకొకడి పేరున ఉండటం మనకు కొత్తగా చెప్పాలా?

అదే రోజు పార్కర్ 'నౌ ఈజ్ ద టైమ్' అనే బ్లూస్ ముక్క కూడా రికార్డు చేశాడు. ఇప్పుడే సమయం అని అర్థం. మూడేళ్లకు అదే సవాయ్ కంపెనీ నుంచి పాల్ విలియమ్స్ అనే సాక్సఫోన్ కళాకారుడి 'హకిల్‌బక్' వచ్చింది. ఆ పాట గుండెకాయ పార్కర్ రాగమే. 1949లో నల్లజాతి పాటల జాబితాలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది, ఫ్రాంక్ సినాట్రా దాకా పాడారు. రచయితలుగా వేరే పేర్లు నమోదయ్యాయి. పార్కర్‌కి ఏమీ రాలేదు. ఆయన 1955 మార్చి 12న చనిపోయాడు, 34 ఏళ్లకు.

లాఠీ, లైసెన్సు, సొంత లేబుల్

బీబాప్ అన్న పేరు ఎలా వచ్చిందో లాంగ్‌స్టన్ హ్యూస్ తన సింపుల్ కథల్లో ఒకచోట చెప్పిస్తాడు. పోలీసు లాఠీ నల్లవాడి తల మీద పడినప్పుడు వచ్చే చప్పుడే ఆ వాద్యాల్లోకి ఎక్కిందని హార్లెం సామాన్యుడు సింపుల్ వాదన. భాషాశాస్త్రంగా అది నిలవదు. కానీ 1943 ఆగస్టులో ఒక నల్లజాతి సైనికుణ్ణి తెల్ల పోలీసు కాల్చిన తర్వాత హార్లెం రగిలిన సంగతి తెలిస్తే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. 1968లో కంచికచర్లలో దొంగతనం మోపి కోటేశును తగలబెట్టిన తర్వాత ఆ పేరు మన కవిత్వంలోకి ఎలా ఎక్కిందో అలాగే.

దెబ్బలతో పాటు కాగితం కూడా ఆయుధమే. న్యూయార్క్ నైట్‌క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులు ఇచ్చే కార్డు ఉండాలి. 1940 నుంచి 1967 దాకా ఈ పద్ధతి నడిచింది. మంక్ కార్డును 1951లో లాక్కున్నారు, 1957 దాకా ఆయన తన ఊరి క్లబ్బుల్లో వాయించలేకపోయాడు. పార్కర్ కార్డు కూడా కొంతకాలం పోయింది.

ఈ దెబ్బల్లోంచే సొంత కంపెనీ ఆలోచన పుట్టింది. 1951లో గిలెస్పీ డీ జీ రికార్డ్స్ పెట్టాడు. 1952లో మాక్స్ రోచ్, ఛార్లెస్ మింగస్ కలిసి డెబ్యూ రికార్డ్స్ పెట్టారు. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్‌లో పార్కర్, గిలెస్పీ, బడ్ పవెల్, మింగస్, రోచ్ కలిసి వాయించిన కచేరీని డెబ్యూయే విడుదల చేసింది. వేరే కంపెనీతో ఒప్పందం ఉండటంతో కవరు మీద పార్కర్ తన పేరు వేసుకోలేక 'ఛార్లీ చాన్' అయ్యాడు. ఈ కంపెనీలు వ్యాపారంగా ఎక్కువకాలం నిలవలేదు. అయినా 1960లో అదే రోచ్ 'ఫ్రీడమ్ నౌ సూట్' చేసినప్పుడు, 1945లో ఒక పాటకు పేరుగా ఉన్న 'ఇప్పుడే' అన్న మాట నినాదమై తిరిగొచ్చింది.

సంగీతంగా ఈ రికార్డుల ప్రభావం ఎంతంటే, ఆ తర్వాతి తరం జాజ్ బడి అదే. కుర్రాళ్లు ముల్లును వెనక్కి జరిపి జరిపి పార్కర్ వాక్యాలను నేర్చుకున్నారు. 1978లో ఆయన అల్లికలను స్వరాలుగా రాసి 'ఆమ్నీబుక్' అచ్చువేశారు, సంగీత కళాశాలల్లో ఇప్పటికీ అది పాఠ్యపుస్తకం. 'కోకో' 2002లో అమెరికా జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీ తొలి జాబితాలో చేరింది. రికార్డు చేసేవాడి ఇష్టం కూడా చరిత్రను కోస్తుంది. డీన్ బెనెడెట్టి అనే వీరాభిమాని 1947, 48లలో పార్కర్ వాయించినంతసేపే యంత్రం నడిపి, మిగతావాళ్ల వంతు రాగానే ఆపేసేవాడు. పార్కర్ మిగిలాడు, పక్కన ఉన్నవాళ్ల మాట తెగిపోయింది.

ఇక మన సంగతి

1946లో అంబేడ్కర్ డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. నల్లజాతివాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతి కావాలని అడిగారు. పోల్చుకోవడం మనకు అప్పటి నుంచే ఉంది. కానీ పోలికను ఉన్నదానికంటే సాగదీయకూడదు. జాజ్ కళాకారుడు దోపిడీకి గురైనా మార్కెట్లో ఉన్నాడు. డప్పు మాత్రం కులం అప్పగించిన వెట్టి. చావుకి కొట్టాలి, చాటింపుకి కొట్టాలి, జాతరకి కొట్టాలి. అందుకే మా ప్రాంతంలో చదువుకున్న కుర్రాళ్లు చాలామంది డప్పు దించేశారు. అది ఆత్మగౌరవమే. 1994లో ఈదుముడి నుంచి మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును వేదిక మీదికి ఎత్తడం కూడా ఆత్మగౌరవమే. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. డాన్సు బ్యాండులో నవ్వుతూ నిలబడనన్న పార్కర్ సాక్సఫోన్‌ను పారేయలేదు.

ఈలోగా దరువులు తెలిసిన పెద్దలు వెళ్లిపోతున్నారు. ఎవరి ఫోనులో చూసినా తిరునాళ్ల వీడియోలు ఉన్నాయి, వాయించేవాళ్ల పేర్లు ఉండవు. కంచికచర్లలో పుట్టిన కలేకూరి ప్రసాద్ వరకట్న హత్యల మీద రాసిన పాటను ఎన్ని సభల్లో విన్నానో లెక్కలేదు, ఎవరు రాశారో చెప్పి పాడినవాళ్లు తక్కువ. అచ్చయిన కవికే ఇలా అయితే, దరువు కట్టినవాడి మాట చెప్పాలా? జగ్గయ్యపేట దగ్గర ఒక గూడెంలో నేను రికార్డు చేసిన దరువులను మిత్రులకు పంపితే, నెల తిరిగేలోపు ఒక యూట్యూబ్ ఛానల్ తన పేరు ముద్రతో పెట్టేసింది. తప్పు నాది కూడా. పంపేముందు ఆ పెద్దాయన్ని అడగలేదు.

చట్టం అంతో ఇంతో ఉంది. మన 1957 కాపీరైట్ చట్టంలో 1994 సవరణ ప్రదర్శకుల హక్కును చేర్చింది. గాయకులు, వాద్యకారులతో పాటు గారడీవాళ్లు, పాములవాళ్లు కూడా ఆ నిర్వచనంలో ఉన్నారు. 2012 సవరణతో తన ప్రదర్శనకు తన పేరు చెప్పాలని అడిగే హక్కు వచ్చింది. గడువు 50 ఏళ్లు. ఒక మెలిక ఉంది. వీడియో తీయడానికి రాతపూర్వకంగా ఒప్పుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు దాని వాడకాన్ని అడ్డుకోవడం కష్టం. కాబట్టి ఎవరైనా కాగితం మీద వేలిముద్ర అడిగితే, ఆ కాగితంలో పేరు, వాటా, ఎక్కడ వాడతారో రాయించుకోకుండా వేయొద్దని గూడేల్లో చెప్పాలి. విద్యార్థి సంఘాలు చేయగల పని ఇది.

ఆ పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి మొదట పేర్లు చెప్పమన్నాను. తన పేరు చెప్పి, తనకు నేర్పిన మేనమామ పేరు, ఆయనకు నేర్పినవాళ్ల పేర్లు, సిర్రలు చెక్కిచ్చిన మనిషి పేరు చెప్పుకుంటూ పోయాడు. డప్పు ముట్టుకునేసరికి పదకొండు నిమిషాలైంది.

తిరుగు ప్రయాణంలో ఇంటికి వెళ్లి నాన్నకు 'కోకో' వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. రెండోసారి పెట్టమన్నాడు.

"అమ్మాయ్, వెనక డ్రమ్ము కొట్టేదెవరు?"

"మాక్స్ రోచ్ నాన్నా. అప్పటికి 21 ఏళ్లు."

"వాడికెంతిచ్చారంట?"